రీలోడింగ్ బల్ల: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కాల్చేసిన తూటాల ఇత్తడి డొల్లలను మళ్లీ ఎలా వాడుకుంటారో కిందటి సంచికలో రాశాను. పాత ప్రైమర్‌ని (దెబ్బ తగలగానే పేలి పౌడర్‌ని అంటించే చిన్న గిన్నె) తోసేయడం, డొల్లను డై అనే ఉక్కు అచ్చులోకి ఎక్కించి మళ్లీ కొలతకు తేవడం (సైజ్ చేయడం), కొత్త ప్రైమర్ కూర్చోబెట్టడం, పౌడర్ పోయడం, పైన బుల్లెట్ బిగించడం. ఇవన్నీ చేసే చేతిమీట యంత్రమే రీలోడింగ్ ప్రెస్సు. మీట ఒకసారి దించితే ఒక్క పని చేసేది సింగిల్ స్టేజ్. ప్లేటు తిరుగుతూ అన్ని పనులూ వరసగా చేసేది ప్రోగ్రెసివ్. ఇంట్లో మీ ప్రెస్సుకు ఏమేం మార్పులు చేసుకున్నారో రాయమని ఆ వ్యాసం చివర అడిగాను. మార్పులకన్నా ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి. దాదాపు అన్నీ టెక్సస్, నార్త్ కరోలినా, జార్జియా నుంచి. ఒకటి మాత్రం హైదరాబాద్ నుంచి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పని నేర్చుకున్నవాణ్ని. తర్వాత హ్యూస్టన్‌లో రిటైరయ్యేదాకా మెషిన్ షాపే నా లోకం. ఇనుము కనబడితే రంధ్రం వేసి ట్యాప్ కొట్టాలని నా చేతులూ లాగుతాయి. కాబట్టి ఏ మార్పూ వద్దనే మనిషిని కాను. ప్రెస్సు నిలబడే చోటు, దాని మీద పడే వెలుతురు, చేతికందే సదుపాయం, వీటిలో మీ ఇష్టం. ప్రైమర్ వెళ్లే దారిలో మాత్రం కంపెనీ ఇచ్చిన భాగం కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి. ఈ విషయంలో నాతో వాదించేవాళ్లున్నారు. నేను మాత్రం మెత్తబడను.

ప్రశ్న: మాస్టారూ, గరాజ్‌లో రెడీమేడ్ బల్ల మీద రాక్‌చకర్ ప్రెస్సు బిగించాను. .308 రైఫిల్ డొల్లలు సైజ్ చేస్తుంటే బల్ల ముందుకి వంగుతోంది, మీట పైకి ఎత్తేటప్పుడు బల్లే లేస్తోంది. మీటకు పొడవాటి పైపు తొడిగితే తేలికవుతుందా?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: పైపు ఆలోచన ఇక్కడితో వదిలేయండి. ఆ ప్రెస్సు మీట, దాన్ని ర్యామ్‌కి (డొల్లను పైకి మోసే ఉక్కు కడ్డీ) కలిపే లింకేజీ, రెండూ కలిసి ఇచ్చే బలం ఇప్పటికే చాలా ఎక్కువ. అది కూడా చాలడం లేదంటే డొల్లకు లూబ్ (జారడానికి పూసేది) సరిగ్గా అంటలేదని అర్థం. లూబ్ లేని డొల్ల డైలో పట్టేస్తుంది. పైపు తొడిగి లాగితే అది బయటికి రాదు, దాని అంచు తెగి వస్తుంది, మిగతా డొల్ల డైలోనే ఉండిపోతుంది. అలాగని లూబ్ మరీ దట్టంగా పూస్తే డొల్ల భుజం దగ్గర (మెడ వైపు సన్నబడే చోట) సొట్టలు పడతాయి. వేళ్లతో తాకితే జారుతున్నట్టు తెలియాలి, చూస్తే తడి కనబడకూడదు. ఆ మాత్రం చాలు.

ఇక బల్ల. రెడీమేడ్ బల్లల పలక పలచగా ఉంటుంది. ప్రెస్సుకు పెట్టే బలమంతా ముందంచులో అరచేయంత చోట పడుతుంది. ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు తీసుకుని, మధ్యలో వుడ్ గ్లూ పూసి, కింది నుంచి స్క్రూలు బిగించండి. అంగుళంన్నర మందం పలక తయారవుతుంది. కింద టూ-బై-ఫోర్ కర్రల చట్రం. ప్రెస్సు ఎక్కడ కూర్చుంటుందో సరిగ్గా దాని కిందికే ఒక కాలు రావాలి. మూలల్లో నాలుగు కాళ్లు పెట్టి ప్రెస్సుని నడిమధ్యలో బిగిస్తే ఎంత మందం పలకైనా ఊగుతుంది.

వెనక చట్రాన్ని గోడకు బిగించండి. అమెరికా ఇళ్లలో గోడ లోపలి స్టడ్లు (నిలువు కర్రలు) సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. స్టడ్ ఫైండర్‌తో చూసి వాటిలోకే స్క్రూ దిగేలా చేయండి. ఒట్టి డ్రైవాల్‌లో దిగిన స్క్రూ వల్ల లాభం లేదు. గోడకు కట్టేశాక, మీట ఎత్తినప్పుడు బల్ల లేవడం ఆగిపోతుంది.

ప్రెస్సుని బిగించేది చెక్క స్క్రూలతో కాదు. పలక గుండా కిందికి దిగే బోల్టులతో. కింద విడివిడి వాషర్ల బదులు పావు అంగుళం మందం ఇనుప పట్టీకి ప్రెస్సు రంధ్రాలకు సరిపడా రంధ్రాలు వేసి నట్లు దాని మీద బిగించండి. వాషరైతే కొన్నాళ్లకు చెక్కలోకి దిగబడి బోల్టు లూజవుతుంది. పట్టీ అయితే బలాన్ని పరిచేస్తుంది. రంధ్రాలు వేసేముందు ప్రెస్సుని అంచున పెట్టి మీట పూర్తిగా కిందికి దించి చూడండి. ఈ రకం ప్రెస్సుల్లో లింకేజీ బల్ల మట్టం కంటే కిందికి ఊగుతుంది. అంచుకు తగలకుండా చోటుండాలి.

పని అయ్యాక ఒక గ్లాసు నిండా నీళ్లు పోసి ప్రెస్సు పక్కన పెట్టండి. డొల్ల సైజ్ చేస్తున్నప్పుడు నీళ్లు కాస్త వణికితే పరవాలేదు, ఒలకకూడదు. ఈ శ్రమంతా సుఖం కోసమే కాదు. అదే బల్ల మీద పౌడర్ మెజర్ (పౌడర్‌ని కొలిచి పోసే పరికరం) కూడా బిగిస్తారు కదా. బల్ల అదిరిన కొద్దీ దాని పైనున్న హాపర్‌లో (పౌడర్ నింపే డబ్బా) పౌడర్ కుదించుకుపోయి, ఒక్కోసారి ఒక్కో బరువు పడుతుంది.

ప్రశ్న: గరాజ్ సేల్‌లో పాత సింగిల్ స్టేజ్ ప్రెస్సు చవగ్గా దొరికింది. లింకేజీ పిన్నులు లూజు ఆడుతున్నాయి. ర్యామ్ కూడా కొద్దిగా కదులుతోంది. బుష్‌లు వేయించాలా?
— శాన్ ఆంటోనియో

జవాబు: మీ ఉత్తరం చదివితే ప్రాణం లేచొచ్చింది. ఇది నా పని.

ముందు ఒక మాట. లింకేజీ పిన్నుల్లో లూజు వల్ల తూటా చెడదు. ర్యామ్ పైకి వెళ్లి, డొల్ల అడుగును పట్టే షెల్‌హోల్డర్ డై అడుగుకు ఆనుకున్నాక ఆ లూజంతా ఒకవైపుకి తీసుకుపోతుంది, కొలత మారదు. కాకపోతే మీట టకటకలాడుతుంది, పిన్ను రంధ్రం కోడిగుడ్డులా సాగుతూ పోతుంది. అందుకని ఆ బుష్ వేయడం మంచి పనే. రంధ్రాన్ని గుండ్రంగా వచ్చేదాకా బోర్ చేసి, కంచు బుష్ ప్రెస్ ఫిట్‌గా దించి, పిన్నుకు ఒకటి రెండు థౌల (అంగుళంలో వెయ్యో వంతు) సందు వదిలి రీమర్ పట్టండి. చేతి డ్రిల్లుతో మాత్రం వద్దు. డ్రిల్లు సాగిన రంధ్రం వెంటే పోతుంది, కేంద్రం తప్పుతుంది. లేత్ గానీ మిల్లింగ్ గానీ ఉన్న షాపులో చేయించుకోండి.

ర్యామ్ సంగతి వేరు. ర్యామ్ ఎక్కి దిగే రంధ్రం, పైన డై ఎక్కే మర, ఈ రెండూ ఒకే గీతలో ఉండాలి. ఆ మర 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. ఏ కంపెనీ డై అయినా దాదాపు అందులోనే ఎక్కుతుంది. ఆ గీత కంపెనీ ఫిక్స్చర్‌లో ఒకే బిగింపులో తెచ్చింది. మనం ర్యామ్ రంధ్రాన్ని బోర్ చేసి స్లీవ్ వేస్తే ఆ గీత తప్పే ప్రమాదం ఎక్కువ. డొల్ల తనంతట తాను డైలో కుదురుకోవడానికి ర్యామ్‌లో కొద్దిపాటి సందు ఉండటం నిజానికి మేలే. దాన్ని ముట్టుకోకండి. పాత మసి తుడిచి, పలచని నూనె ఒక చుక్క రాసి వాడుకోండి. ఎక్కువైన నూనె కారి ప్రైమర్‌కు అంటితే అది పేలకపోవచ్చు.

ఇంకొకటి, పోత ఇనుము బాడీకి పగులుంటే వెల్డింగ్ పెట్టించి వాడొద్దు. ఒక గంట తీరిగ్గా కూర్చుని గుడ్డతో తుడుస్తూ, మూలలన్నీ టార్చి లైటుతో వెతకండి.

ప్రశ్న: పాత ప్రైమర్లు పట్టే ప్లాస్టిక్ ట్రే నుంచి సగం నేల మీదే పడుతున్నాయి. అయస్కాంతం పెడితే పట్టుకుంటుందా? లేకపోతే ర్యామ్‌ని నిలువునా బోలు చేసి ట్యూబు పెడదామా?
— రాలీ, నార్త్ కరోలినా

జవాబు: ప్రైమర్ గిన్నె ఇత్తడిది, అయస్కాంతానికి అంటదు. కానీ ట్రేని ప్రెస్సుకు అంటించి ఉంచడానికి అయస్కాంతం బాగా పనికొస్తుంది, బాడీ పోత ఇనుమైతే. ట్రే వెనక రెండు చిన్న అయస్కాంతాలు ఎపాక్సీతో అతికించి, ట్రేకీ బాడీకీ మధ్య సందులో తలుపు చట్రాలకు వేసే ఫోమ్ పట్టీ అంటించండి. దాదాపు అన్నీ లోపలే పడతాయి.

ర్యామ్‌ని బోలు చేయాలంటే గట్టి ఉక్కులో, నిలువునా, కేంద్రం తప్పకుండా వేయాలి. అంత కష్టపడే బదులు ఆ పనికి వేరే చిన్న ప్రెస్సు పెట్టుకోండి. లీ క్లాసిక్ కాస్ట్ లాంటి వాటిలో ర్యామ్ బోలుగానే వస్తుంది, పాత ప్రైమర్ అందులోంచి ట్యూబు ద్వారా కిందికి దిగుతుంది. ఆ ట్యూబు చివరని మూతకు రంధ్రం వేసిన నీళ్ల సీసాలోకి దించితే ఇల్లు శుభ్రం. పాత ప్రైమర్‌ని ముందే తోసేసి, డొల్లలు కడిగి, ఆ తర్వాతే మంచి ప్రెస్సు మీదికి తెస్తే ర్యామ్‌ని అరగదీసే గరుకు మసి దాని దరికే రాదు.

ప్రశ్న: అంకుల్, నా దగ్గర డిల్లాన్ ప్రోగ్రెసివ్ ఉంది. ప్రైమర్ ట్యూబు చుట్టూ ఉన్న ఇనుప గొట్టం వల్ల లోపల ఎన్ని మిగిలాయో కనబడటం లేదు. అది తీసేసి పారదర్శకమైన ఆక్రిలిక్ ట్యూబు పెట్టాలనుకుంటున్నాను. కొలతలు చెప్తారా?
— షార్లెట్

జవాబు: చెప్పను బాబూ. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఆ ట్యూబులో ప్రైమర్లు ఒకదాని మీద ఒకటి, నిండుగా పోస్తే 100 దాకా ఉంటాయి. ప్రైమర్ అంటే దెబ్బ తగిలితే పేలడానికే తయారైన వస్తువు. కింద కూర్చోబెట్టే చోట ఒకటి అడ్డంగా పడి, నువ్వు గమనించకుండా మీట నొక్కితే అది పేలవచ్చు. అది పేలితే పైదానికి, అక్కణ్నుంచి దాని పైదానికి, క్షణంలో ట్యూబంతా. ఆ ఇనుప గొట్టం ఉన్నది అందుకే. పేలుడు పక్కలకు రాకుండా ఆపి పైకి పంపడానికి. నీ మొహం, చేతులు దానికి పక్కనే ఉంటాయి. దాని స్థానంలో ఆక్రిలిక్ పెడితే ఆ ఆక్రిలిక్ ముక్కలే కంట్లోకి వస్తాయి.

ఎన్ని మిగిలాయో తెలియాలి, అంతేగా? ట్యూబులో ప్రైమర్ల మీద ఒక సన్నని ప్లాస్టిక్ పుల్ల కూర్చుంటుంది, ప్రైమర్లు తగ్గే కొద్దీ అదీ దిగుతుంది. దాని పైభాగానికి ఎర్రటి టేపు ముక్క చుట్టు. ట్యూబులో పది ప్రైమర్లే ఉంచి చూసి, ఆ ఎత్తులో టేపు గొట్టం అంచుకు సరిగ్గా వచ్చేలా అంటించు. కూర్చున్న చోటు నుంచే తెలిసిపోతుంది. ఈ మార్పుకి ఖర్చు లేదు, ప్రైమర్ దారిని ముట్టుకోలేదు.

మీట ఎక్కడైనా మొరాయిస్తే అక్కడే ఆపు. "ఇంకొంచెం నొక్కితే దిగుతుందిలే" అనే ఆలోచన వచ్చిన క్షణంలోనే చెయ్యి తీసేయి. ముందు ట్యూబు పైకి తీసి పక్కన పెట్టు, తర్వాత కారణం వెతుకు. కళ్లకు పాలికార్బొనేట్ అద్దాలు లేకుండా ఆ బల్ల ముందు కూర్చోవద్దు. నీ వయసు కొడుకున్న మనిషిగా గట్టిగానే అడుగుతున్నాను, ఆ గొట్టం ఇప్పటికే తీసేసి ఉంటే తిరిగి పెట్టేదాకా ప్రెస్సు ముట్టుకోకు.

ప్రశ్న: డిల్లాన్ ఎక్స్‌ఎల్ 650 ప్రోగ్రెసివ్‌లో ప్లేటు తిరిగి ఆగేటప్పుడు కుదుపుకి 9 ఎంఎం డొల్లలోంచి పౌడర్ చిందుతోంది. షెల్‌ప్లేటు కింద బాల్ ఉండే స్ప్రింగ్‌ని కత్తిరిస్తే పోతుందని విన్నాను. నిజమేనా?
— ఆల్ఫరెటా, జార్జియా

జవాబు: నిజమే. షెల్‌ప్లేటు ప్రతి స్టేషన్ దగ్గరా ఒక చిన్న ఉక్కు బాల్ గుంటలో పడటంతో ఆగుతుంది. స్ప్రింగ్ గట్టిగా ఉంటే ఆ పడటం టక్కున ఉంటుంది, అదే కుదుపు. కానీ అసలు స్ప్రింగ్‌ని కత్తిరించకండి. విడిగా ఇంకోటి తెప్పించుకుని దాన్ని కత్తిరించండి, ఒక్కోసారి సగం చుట్టు మాత్రమే. మరీ మెత్తనైతే ప్లేటు తన చోట కుదురుగా ఆగదు, ప్రైమర్ స్టేషన్‌లో డొల్ల మధ్యకు రాదు. అప్పుడు పౌడర్ చిందడం కన్నా పెద్ద చిక్కు. కాబట్టి స్ప్రింగ్ మార్చాక ప్రైమర్లు, పౌడర్ లేకుండా ఒట్టి డొల్లలతో తిప్పి, ప్రతి స్టేషన్‌లోనూ ప్లేటు సరిగ్గా ఆగుతోందో లేదో చూడండి.

స్ప్రింగ్ కన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. ప్లేటుని పట్టే మధ్య బోల్టు తల కింద పలచని నీడిల్ థ్రస్ట్ బేరింగ్ వేయండి. బోల్టు బిగువుగా ఉన్నా ప్లేటు నున్నగా తిరుగుతుంది, కుదుపు చాలా తగ్గుతుంది. మీట చివరి అంగుళం నెమ్మదిగా వదలడం కూడా అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ప్రెస్సుకు లైటు పెట్టుకోవాలంటే ఎలాంటిది మంచిది?
— కేటీ, టెక్సస్

జవాబు: అన్ని మార్పుల్లోకీ నేను ముందు చేయమనేది ఇదే.

పిస్టల్ తూటాలకు వాడే చాలా పౌడర్లు కొంచెం పోస్తే చాలు, డొల్ల సగం కూడా నిండదు. అంటే పొరపాటున రెండోసారి పోసినా పొంగిపోదు, బుల్లెట్ దాని మీద చక్కగా కూర్చుంటుంది. అది కాల్చినప్పుడు తుపాకీ పగిలిపోవచ్చు. అసలు పౌడరే పడకపోతే ప్రైమర్ బలానికి బుల్లెట్ బ్యారెల్ మధ్యదాకా వెళ్లి ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకోటి కాలిస్తే అదీ అంతే ప్రమాదం. ఈ రెండిటినీ పట్టేది ఒకటే, బుల్లెట్ పెట్టేముందు డొల్ల లోపలికి కంటితో చూడటం. ప్లేటుని చేత్తో తిప్పే ఆర్‌ఎల్ 550 లాంటి ప్రెస్సులో ఇది మరీ ముఖ్యం. తిప్పడం మర్చిపోతే అదే డొల్లలో రెండోసారి పడుతుంది.

గది దీపం డొల్లలోకి దిగదు, మీ తల నీడే అడ్డం. ప్రెస్సు పైభాగం లోపలివైపు, డైల మధ్య నుంచి కిందికి పడేలా తెల్లటి ఎల్‌ఈడీ పట్టీ అంటించండి. తక్కువ వోల్టేజీ అడాప్టర్‌తో వెలిగేది చాలు. వైరు ర్యామ్‌కి, ప్రైమర్ ట్యూబుకి దూరంగా, వెనక నుంచి క్లిప్పులతో తీసుకెళ్లండి. కూర్చున్న ఎత్తు నుంచి డొల్ల అడుగు కనబడకపోతే, పళ్ల డాక్టర్లు వాడే చిన్న గుండ్రటి అద్దం ఒకటి కొని, దాని కాడని వంగే తీగకు కట్టి బుల్లెట్ పెట్టే స్టేషన్ వెనక నిలబెట్టండి. లేదా ప్రెస్సు కింద దిమ్మ పెట్టి ఎత్తు పెంచండి. నేనైతే ఇంకో జాగ్రత్త కూడా చెప్తాను. మీ తుపాకీకి సరిపడే పౌడర్లలో డొల్లని సగానికి పైగా నింపేది దొరికితే అదే వాడండి. రెండోసారి పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది, మీకు తెలియకుండా పోదు. ఎంత పొయ్యాలన్నది మాత్రం పౌడర్ కంపెనీ లోడ్ డేటాలోనే చూడాలి. ఇంకెవరు చెప్పినా వినకండి, నేను చెప్పినా సరే.

ప్రశ్న: నమస్తే అండీ. షూటింగ్, రీలోడింగ్ రెండూ నావే, మావారికి ఆసక్తి లేదు. ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉంది. ప్రెస్సుకు ఏవి ప్రింట్ చేసుకోవచ్చు, ఏవి కూడదు? పౌడర్ మెజర్ లోపల బాఫిల్ (అడ్డు పలక) పెట్టుకోవచ్చా?
— షుగర్‌ల్యాండ్

జవాబు: చాలా సంతోషం అమ్మా. బుల్లెట్లు, డొల్లలు పెట్టుకునే గిన్నెలు, వాటిని ప్రెస్సుకు తగిలించే కొక్కేలు, డైలు నిలబెట్టే స్టాండు, అలెన్ కీలకు హోల్డరు, పాత ప్రైమర్ల ట్రే, ఇవన్నీ నిశ్చింతగా ప్రింట్ చేసుకోండి. పీఎల్‌ఏ రకం ప్లాస్టిక్ కాకుండా పీఈటీజీ వాడండి. పీఎల్‌ఏ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. మన టెక్సస్ ఎండలో మూసేసిన గరాజ్‌లో, కిటికీ ఎండ నేరుగా పడే చోట బరువు మోసే కొక్కెం నెమ్మదిగా వంగిపోతుంది.

మీట, లింకేజీ, షెల్‌హోల్డర్, ప్రైమర్‌ని మోసే భాగాలు, వీటి జోలికి వెళ్లొద్దు.

పౌడర్ మెజర్‌కు బాఫిల్ అడిగారు, అది మంచి మార్పు. హాపర్ నిండుగా ఉన్నప్పుడు పైబరువు వల్ల కింద పౌడర్ ఒక తీరుగా పడుతుంది, ఖాళీ అయ్యే కొద్దీ ఇంకో తీరుగా. మధ్యలో రంధ్రాలున్న చిన్న పలక అడ్డం పెడితే ఆ బరువు పలక మోస్తుంది. నేను దీన్ని పలచని అల్యూమినియం రేకుతో చేస్తాను. వృత్తంగా కత్తిరించి, రెండు చోట్ల కోసి, ఆ ముక్కలను కిందికి వంచితే అవే కాళ్లవుతాయి, అవే రంధ్రాలు. అంచుల్లో గరుకు లేకుండా ఆకురాయి పట్టి, కడిగి, ఆరనివ్వాలి. పెట్టిన తర్వాత మెజర్‌ని మళ్లీ మొదటి నుంచి త్రాసుతో సరిచూసుకోవాలి, పాత సెట్టింగ్ చెల్లదు. సాయంత్రం పని కాగానే హాపర్‌లో మిగిలిన పౌడర్‌ని దాని సొంత డబ్బాలోకే పోసేయండి. నైట్రోగ్లిజరిన్ ఉన్న పౌడర్లు కొన్ని ప్లాస్టిక్‌లను తినేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, లేబుల్ లేని పౌడర్ ఏదో మర్నాడు గుర్తుండకపోతే పారెయ్యడం తప్ప దారి ఉండదు.

ప్రశ్న: నేను హెచ్-1బి మీద ఉన్నాను. తుపాకీ లేదు. స్నేహితుడి తుపాకీకి రీలోడింగ్ చేసిపెడదామని ప్రెస్సు, ప్రైమర్లు కొందామనుకుంటున్నాను. తుపాకీ కాదు కాబట్టి ఇబ్బంది లేదు కదా?
— ఆస్టిన్

జవాబు: ఉంది తమ్ముడూ, చాలా ఉంది. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెప్తుంది. ఆ చట్టం ప్రకారం అమ్యునిషన్ అంటే పూర్తయిన తూటా ఒక్కటే కాదు. డొల్ల, ప్రైమర్, బుల్లెట్, పౌడర్, ఇవి విడివిడిగా ఉన్నా అమ్యునిషనే. షాపులో ఒక ప్రైమర్ల డబ్బా కొని ఇంటికి తెచ్చుకున్నా నిషేధంలో పడతారు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ వాటిలో ఒకటి. అది మీకు వర్తిస్తుందో లేదో ఇమిగ్రేషన్, ఫైర్‌ఆర్మ్స్ రెండూ తెలిసిన లాయర్‌ని అడిగి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే అడుగు వేయండి. ఇది క్రిమినల్ కేసుతో పోయేది కాదు, గ్రీన్‌కార్డు లైనులో ఇన్నేళ్లు నిలబడ్డ మీ కుటుంబం మొత్తం మీద పడుతుంది.

గ్రీన్‌కార్డు వచ్చాక ఈ నిషేధం ఉండదు. అప్పుడు కూడా మీ సొంతానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, డబ్బులకు చేసి అమ్మితే టైప్ 06 లైసెన్స్ కావాలి.

ప్రశ్న: సార్, మా అమ్మాయి హైదరాబాద్‌లో పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటోంది. తూటాల ఖర్చు ఎక్కువ. మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ ఒక చిన్న ప్రెస్సు తెస్తానంటున్నాడు. పనికొస్తుందా?
— హైదరాబాద్

జవాబు: తేవొద్దని ఈ రోజే ఫోన్ చేయండి. మన 1959 ఆయుధాల చట్టంలో అమ్యునిషన్ నిర్వచనం చాలా పెద్దది. తూటా భాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా అందులోకి వస్తాయి. లైసెన్స్ లేకుండా తయారీ నేరం. సామాన్లలో మర్చిపోయిన ఒక్క తూటాతో ఎయిర్‌పోర్టులో పట్టుబడ్డవాళ్ల వార్తలు చూస్తూనే ఉంటాం. ప్రైమర్లు, పౌడర్ అయితే అమెరికాలోనే విమానం ఎక్కనివ్వరు, చెక్-ఇన్ బ్యాగులో కూడా.

పైగా అమ్మాయికి దానితో పని లేదు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి కావలసింది 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్లు, అందులో పౌడరే ఉండదు. 25 మీటర్ల పిస్టల్‌లో వాడేది .22 రిమ్‌ఫైర్. దానికి విడిగా ప్రైమర్ ఉండదు, ఆ మందు డొల్ల అంచు మడతలోనే ఉంటుంది. పిన్ను కొట్టగానే ఆ అంచు నొక్కుకుపోతుంది. దాన్ని మళ్లీ నింపే పని ఈ ప్రెస్సులేవీ చేయవు. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచిన ఇషా సింగ్ మీ ఊరమ్మాయే. ఆ పోటీలో వాడేది కూడా కొన్న తూటాలే. ఖర్చు తగ్గించుకోవాలంటే కోచ్‌ని అడిగి ఇంట్లో డ్రై ఫైరింగ్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) సాధన ఎక్కువ చేయించండి. ట్రిగ్గర్ మీద వేలు కుదిరేది అక్కడే.

ప్రశ్న: ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. డొల్లలు కడిగే టంబ్లర్ లాండ్రీ రూమ్‌లో పెట్టాను. పరవాలేదా?
— కమింగ్, జార్జియా

జవాబు: వెంటనే అక్కణ్నుంచి తీయండి. ప్రైమర్‌లో సాధారణంగా లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు మందు ఉంటుంది, కాలిన తర్వాత ఆ సీసమంతా డొల్ల లోపల మసిలో ఉంటుంది. పొడి టంబ్లర్ మూత తీసినప్పుడు లేచే దుమ్ములో అదే. నేల మీద పాకి వేళ్లు నోట్లో పెట్టుకునే పిల్లలకు అది చాలా చెడ్డది. పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని 2021 నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది. అది ఎంత తక్కువో చూడండి. మీ పీడియాట్రీషియన్‌కు విషయం చెప్పి ఒకసారి పరీక్ష చేయించండి, అది మామూలు రక్త పరీక్షే.

టంబ్లర్ గరాజ్‌లోకి మార్చి, పొడిది బదులు నీళ్లూ స్టీల్ పిన్నులూ వాడే రకానికి మారండి, దుమ్ము లేవదు. ఆ నీళ్లు వంటింటి సింకులో పోయకండి. ప్రెస్సు దగ్గర ఊడ్చవద్దు, తడిగుడ్డతో తుడవండి. పని చొక్కా, చెప్పులు గరాజ్‌లోనే ఉండాలి. చేతులు చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడిగాకే పాపని ఎత్తుకోండి.

ప్రశ్న: ప్రైమర్ల డబ్బాలు చోటు తినేస్తున్నాయని అన్నీ విప్పి ఒక పెద్ద గాజు సీసాలో పోసి పెట్టాను. పైన మూత గట్టిగా బిగించాను. తేమ తగలదు కదా?
— ప్లేనో

జవాబు: ఈ ఉత్తరాన్ని సంచిక వచ్చేదాకా ఆపలేదు, ఆ రోజే ఈయనకు ఫోన్ చేశాం. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

కంపెనీ డబ్బాలో ఒక్కో ప్రైమర్‌కీ ఒక్కో గడి ఉండేది, ఒకటి పేలినా పక్కది పేలకుండా. సీసాలో అన్నీ ఒకదానికొకటి తాకుతూ ఉంటాయి. సీసా చేయి జారినా, ఊపినా మొత్తం ఒక్కసారిగా పేలవచ్చు, చుట్టూ గాజు. ఇలాంటిది మీ ఇంట్లో ఉంటే కదపకండి, మూత తిప్పకండి, మీ అంతట మీరు తిరిగి డబ్బాల్లో సర్దే ప్రయత్నం చేయకండి. ఆ గదిలోకి ఎవరినీ వెళ్లనివ్వకుండా, మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ నాన్-ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. దానికి ఏం చేయాలో వాళ్లకు తెలుసు.

కొత్తగా కొన్నవి కంపెనీ డబ్బాల్లోనే, పౌడర్ ఉన్న అలమరలో కాకుండా వేరేగా, చల్లటి పొడి చోట పెట్టండి. నివాస గృహాల్లో 10,000 ప్రైమర్లు, 20 పౌండ్ల స్మోక్‌లెస్ పౌడర్ దాకా ఉంచుకోవచ్చన్నది అమెరికా అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి 495 ప్రమాణం. మీ ఊళ్లో, మీ అపార్ట్‌మెంట్‌లో ఇంకా తక్కువ ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి.